బటన్లకు గంధం

విరుదునగర్ పప్పు మిల్లులో బిల్లులు కొట్టే ఉద్యోగం ముత్తురాజ్‌ది. సాయంత్రం కోవిల్‌పట్టిలో బస్సు దిగి ఇంటి గడప తొక్కేసరికి మాత్రం ఇంజనీరైపోతాడు. ఆ హోదా ఎవరిచ్చారని అడక్కండి, తనకు తానే ఇచ్చుకున్నాడు. ఓసారి ఫ్యాను విప్పి బిగించాడు. అది ఇప్పటికీ వెనక్కే తిరుగుతోంది.

2006లో వాళ్ళ నాయన వేలాయుదానికి పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది, మాట కుదుటపడింది, కుడిచేతి వేళ్ళు మాత్రం ఒళ్ళో చచ్చుబడి ఉండిపోయాయి. వాటికి రోజూ పని చెప్పకపోతే అలాగే బిగుసుకుపోతాయని డాక్టరు హెచ్చరించి, పిసకడానికి రబ్బరు బంతి ఇచ్చాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో జీవితమంతా మిషన్లు నడిపిన మనిషి బంతి పిసుకుతాడా? "నేనేమన్నా చంటిబిడ్డనా" అని దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు.

అప్పుడు మన ఇంజనీరుకు ఒక బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. తొంభైల్లో ఇంట్లో ఒక టీవీ గేమ్ ఉండేది. నాయన షిఫ్టు దిగివచ్చి, చేతులైనా కడుక్కోకుండా, ట్యాంకులు కాల్చే ఆటలో కొడుకును చిత్తుగా ఓడించేవాడు. ఆ పెట్టె ఏనాడో పాత సామాన్లవాడి బండెక్కింది. మళ్ళీ ఆ ఆట కళ్ళబడితే నాయన బొటనవేలు లేవదా?

మదురై పోయి ఎవరో వాడి వదిలేసిన గేమ్ కన్సోల్ కొన్నాడు. అది ఆనాటి ఆటలు ఆడదు. కంపెనీవాళ్ళు వేసిన తాళం విడగొట్టి, నువ్వు పాత టీవీ గేమ్‌వే అని దాన్ని నమ్మించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం లోపల ఎక్కించాలి. బ్రౌజింగ్ సెంటర్లో చదివొచ్చి ఆ పని చేసేసరికి ముత్తురాజ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. పెట్టె మూశాక రెండు స్క్రూలు మిగిలాయి. గుట్టుగా జేబులో వేసుకున్నాడు. ఎలాగో టీవీలో ఆ పాత ట్యాంకు కనబడింది. పెట్టె నమ్మింది గానీ నాయన నమ్మలేదు.

"నువ్వే ఆడుకోరా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయనకు నోరూరించాలని ముత్తురాజ్ రోజూ పక్కనే కూర్చుని ఆడాడు. ఆటను కావలసిన చోట ఆపి దాచుకునే సౌకర్యం ఎమ్యులేటర్‌లో ఉంది. మనవాడు సరిగ్గా గుండు తగలబోయే క్షణంలో దాచుకున్నాడు. ఎన్నిసార్లు తెరిచినా గుండు తగులుతుంది, ట్యాంకు పేలుతుంది. గోడవైపు తిరిగిన వీపు కాస్త కదిలింది. నాయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో పనిముట్టు దేన్నీ ముట్టరు. అమ్మ వళ్ళియమ్మాళ్ కుట్టుమిషనుకు, కత్తిపీటకు, సైకిలుకు గంధం, కుంకుమ పెట్టి కన్సోల్ దగ్గర ఆగింది.

"ఇదీ మిషనేగదా" అంటూ చేతిలో పట్టుకుని ఆడే కంట్రోలర్ మీద బటను బటనుకూ గంధం దిట్టంగా పూసింది. ముత్తురాజ్‌కు వద్దనడానికి మనసొప్పలేదు. తన చేతిపనికి పూజ జరగడం వాడి జన్మలో అదే మొదలు. పైగా ఫోటో కూడా తీసుకున్నాడు.

మర్నాడు ట్యాంకు ఆగకుండా కుడివైపుకే పోయి గోడను గుద్దుకుంటోంది. గంధం ఎండి బటను ఇరుక్కుందని ఇంజనీరుగారికి తట్టలేదు. ఎమ్యులేటర్ చెడిందని తీర్మానించి, దాన్ని తీసేసి, మళ్ళీ ఎక్కించి, మిట్టమధ్యాహ్నం దాకా తంటాలు పడ్డాడు.

"దాన్ని ఇట్లా తేరా" అన్నాడు వేలాయుదం, ఇక చూళ్ళేక.

ఎడమచేత్తో అందుకుని వాసన చూశాడు. "సందనం ఎండి పట్టుకోనుండాది. పూజ మర్నాడు మిషను తుడవకుండా ఎవురన్నా నడిపిస్తారా?" ఫ్యాక్టరీలో ఆ గంధం గీకే పని ఆయనదే. ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "ఏమ్మే, ఒక అగ్గిపుల్ల తే" అని పెళ్ళాన్ని కేకేశాడు.

ఎడమచేతిలో కంట్రోలర్ ఉంది. పుల్ల కుడిచేత్తోనే పట్టాలి. వేళ్ళు వణికాయి, పుల్ల జారిపోయింది. తీశాడు, మళ్ళీ జారింది. తిట్టుకుంటూ మళ్ళీ తీశాడు. ఈసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిచింది. బటను చుట్టూ మెల్లగా గీకడం మొదలుపెట్టాడు. ముత్తురాజ్‌కు ఏడుపొచ్చేసింది. వైరు చూస్తున్నవాడిలా టీవీ వెనక్కి దూరాడు.

ఆనాటి నుంచి వాడే పొద్దున్నే గంధం అరగదీసి బటన్లకు పూసి, సాయంత్రం "నైనా, మళ్ళీ చెడిపోయింది" అని తెచ్చిచ్చేవాడు. ఏం కొడుకువిరా అని తిడుతూ ఆయన గీకేవాడు. మిల్లులో మాత్రం, ఎమ్యులేటర్‌తో పక్షవాతం నయం చేస్తున్నానని గొప్పలు పోయాడు. నాయనకు అనుమానమైనా రాలేదని వాడి ధీమా.

ఒకరోజు తొలి బస్సు కోసం పరుగెత్తి ఆ పని మరిచాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేలాయుదం కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత అగ్గిపుల్లతో ఎదురుచూస్తున్నాడు.

"ఈ పొద్దు పూయలేదేమిరా?" అన్నాడు. "నీకు పనెక్కువైతే చెప్పు, నేనే పూసుకుంటాను."

ముత్తురాజ్ చొక్కా అయినా విప్పకుండా సాన ముందు కూర్చుని గంధం అరగదీశాడు.