సారెగా వెళ్ళిన చిట్టి కుర్చీ

నేను ఒక కుర్చీని. పెద్దవాళ్ళెవరైనా నా మీద కూర్చోబోతే ఇద్దరికీ పరువు దక్కదు, అంత చిన్నదాన్ని. రాజమండ్రి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎర్ర ప్లాస్టిక్ కరిగించి, అచ్చులో పోసి, నా వీపు మీద బాతు బొమ్మ వేశారు. ఆ బాతుకు మెల్లకన్ను. తప్పు బాతుది కాదు, వేసినవాడిది. లారీలో ఊగుతూ తణుకు చేరి, శకుంతల టీచరుగారి ప్లేస్కూల్లో దిగాను.

నా మీద చాలామంది పిల్లలు కూర్చున్నారు. కొందరు కూర్చోవడంతో ఆగలేదు, ఆ సంగతి వదిలేద్దాం. వాళ్ళందరిలో నన్ను సొంతం చేసుకున్నది జోషిత. ఇంకెవరైనా నా మీద కూర్చుంటే కొరికేది. నా కోసం ఒకరు మరొకరిని కొరకడం నేనెరిగినంతలో అదే మొదలు. గర్వంగానే ఉండేది.

జోషిత ఎల్కేజీకి పెద్ద బడికి వెళ్ళే వేసవి వచ్చింది. మనుషుల్ని కొరికే పిల్ల కొత్తచోట నిలుస్తుందా అని వాళ్ళమ్మ హారికకు ఒకటే బెంగ. నాకూ బెంగే, కాకపోతే నన్నెవరూ అడగలేదు. సరిగ్గా అప్పుడే శకుంతల టీచరు విజయవాడలో ఏదో శిక్షణకు వెళ్ళొచ్చారు. బడి మారే పిల్లలకు కొత్త టీచరును ముందే పరిచయం చేయాలట, అలవాటైన వస్తువొకటి వెంట పంపాలట, పాత టీచరు అప్పుడప్పుడూ వెళ్ళి చూసి రావాలట. ఆవిడ బస్సు దిగీ దిగగానే తేల్చేశారు.

"ఓస్, ఇంతేనా అండీ! ఇవి అప్పగింతలే కదా. మనకు తెలీనివా?"

ఇంకేముంది, ప్లేస్కూల్ ముంగిట పందిరి లేచింది. బ్యాండు మేళం వచ్చింది. జోషిత చేతులు పళ్ళెంలోని పాలలో ముంచి, కొత్త బడి నుంచి వచ్చిన స్టెల్లా మిస్ చేతుల్లో పెట్టారు. "అల్లారుముద్దుగా పెంచుకున్నామండీ. అక్షరాలు రావు గానీ మనసు వెన్న. కొరికినా కడుపులో పెట్టుకోండి" అంటూ శకుంతల టీచరు భోరుమన్నారు. ఏం చేయాలో పాలుపోక స్టెల్లా మిస్ కూడా ఏడ్చారు. ఏడవనిది జోషిత ఒక్కతే. పళ్ళెంలో పాలు తాగొచ్చా అని అడిగింది. సారె కింద బుట్టెడు సున్నుండలు, వాటి పక్కన పసుపు కుంకుమ పూసుకుని నేను బయల్దేరాం.

నన్ను చూసుకుని జోషిత కొత్త బడిలో బుద్ధిగా కూర్చుంది. ఆ మాట ఊళ్ళో పొక్కింది. మా పిల్లలు మాత్రం వట్టి చేతులతో వెళ్ళాలా అని మిగతా ప్లేస్కూళ్ళవాళ్ళకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఒకరు చెక్కగుర్రం పంపారు, ఒకరు జారుడుబల్ల, మరొకరు నీళ్ళతో సహా రబ్బరు తొట్టి. గదంతా సారెతో నిండిపోయి, పిల్లలు వరండాలో చాప మీదికి వచ్చారు. స్టెల్లా మిస్ కూడా మెల్లగా అత్తగారి వరసలో పడ్డారు. "జారుడుబల్ల తెచ్చిన పిల్లది ఎంత పొందికండీ! కుర్చీ తెచ్చినదానికి అన్నీ అలకలే" అని హెడ్మాస్టారుతో అనడం, చెవుల్లేకపోయినా, నేను విన్నాను.

ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడని నెల. ఆ ఉదయం బడి ముందు ఆటోలు బారులు తీరాయి. పిల్లలను పుట్టింటికి తీసుకెళ్ళడానికి ప్లేస్కూళ్ళన్నీ తరలి వచ్చాయి.

"మాకు ఆషాఢాలు లేవండీ" అన్నారు స్టెల్లా మిస్.

"మాకున్నాయి కదండీ" అన్నారు శకుంతల టీచరు.

గడప తొక్కకుండా తాను కిటికీలోంచి రాకపోకలు చేస్తానని మిస్ ఒప్పుకున్నారు గానీ చీర సహకరించలేదు. హారిక కాళ్ళావేళ్ళా పడింది. "ఇప్పుడిప్పుడే కుదురుకుంటోందండీ. నెల్లాళ్ళు వెనక్కి తీసుకెళితే మళ్ళీ మొదటికొస్తది. నా వల్ల కాదండీ." ఎవరూ వినలేదు.

నేను మాత్రం లోలోపల గంతులేశాను. కొన్నాళ్ళుగా జోషిత నా మీద కూర్చోవడం మానేసింది. చాప మీద మిగతా పిల్లల మధ్య ఇరుక్కుని, నా మీద సంచీ పడేసేది. సంచీకి ఆసరా కావడం ఒక బతుకేనా? పాతచోటికి పోతే పిల్ల మళ్ళీ నాదవుతుందని ఆశ.

"రా తల్లీ, పోదాం" అని శకుంతల టీచరు చేతులు చాపారు. జోషిత ఆవిడను చూసింది, చాపను చూసింది, లోపలికి పరుగెత్తింది. హారిక ముఖం పాలిపోయింది. పిల్ల నన్ను బరబరా ఈడ్చుకొచ్చి ఆటోలోకి తోసింది.

"నేను రాను టీచర్. నాకు పనుంది. దీన్ని తీసుకెళ్ళండి."

హారిక కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. ఆటో కదలబోతుంటే జోషిత నా బాతు చెవి ఉండాల్సిన చోట నోరు పెట్టి గుసగుసగా చెప్పింది.

"ఏడవకే. అందరితో ఆడుకో. సాయంత్రం అమ్మొచ్చేస్తుంది."

ప్లేస్కూల్లో నన్ను కడిగి పాత మూలలోనే వేశారు. కుర్చీలకు అమ్మలుండరని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం, పిల్లలందరూ వెళ్ళిపోయాక కూడా, తలుపు వైపే చూస్తూ ఉన్నాను.