చదివి వినిపించే మనిషి

బురుల్‌కు మొగుడితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఆయన కళ్ళు బాగున్నాయి. ఆ సంగతి కళ్ళ డాక్టరు చెప్పలేదు, ఆయనే చెప్పుకున్నాడు. కిర్గిజ్ దేశంలోని నారిన్ కొండల్లో పుట్టినవాళ్ళకు చూపు మందగించదట. ఎదుటి కొండ మీద మేస్తున్న గొర్రె ఎవరిదో గుమ్మంలో నిలబడి చెప్పగలడట. చెప్పగలడు కూడా. చేతిలో ఉన్న కాగితం మీద ఏముందో మాత్రం చెప్పలేడు. కాబట్టి రోజూ సాయంత్రం ఆమె మాంసం జిడ్డు పట్టిన గిన్నెలు తోముతుంటే, మొగుడు తలాయ్, బడి కాగితాలు తెచ్చి ఆమె ఎదుట గోడకు ఆనించి, పొయ్యి పక్కన కాళ్ళు చాపుకునేవాడు.

"నువ్వు చదువు, నేను వింటా. పొద్దుట్నుంచీ పిల్లల మీద అరిచి అరిచి అలిసిపోయాను."

ఆయన ఊరి బడికి ఉప ప్రధానోపాధ్యాయుడు. ఆమె అదే బడిలో టీచరు. ఆమె కూడా పొద్దుట్నుంచీ పిల్లలతోనే ఉంటుంది. కాకపోతే ఆమె అరవదు గనక అలిసిపోదని ఇంట్లో అందరి నమ్మకం.

ఇదంతా పెళ్ళయిన తొలి చలికాలంలో మొదలైంది. అప్పుడది సరసం. తర్వాత అలవాటు. ఆ తర్వాత ఎప్పుడు ఇంటిపనిలో కలిసిపోయిందో ఆమెకు గుర్తులేదు. పై ఆఫీసు ఉత్తర్వులు, వాటికి ఆయన పంపాల్సిన జవాబులు, చివరికి సభలో ఆయన చెయ్యాల్సిన ఉపన్యాసం కూడా సబ్బు చేతులతోనే చదివిపెట్టింది. మర్నాడు ఆయన ఆ మాటలే గంభీరంగా అప్పజెబుతుంటే వెనక వరసలో కూర్చుని తలాడించింది. "మా తలాయ్‌కి ఒక్కసారి వింటే చాలు, అన్నీ గుర్తే," అని అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ వినిపించేది ఎవరని ఒక్కరూ అడగలేదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. కుళాయిని ఎవరు పలకరిస్తారు?

ఒక ఏడాది ఆమె తరగతిలోకి కుందుజ్ వచ్చింది. గొర్రెలకాపరి కూతురు, పదమూడేళ్ళది. "ఇవి కదుల్తున్నాయి ఎజె," అనేది పుస్తకం చూపించి. పిల్లలందరూ టీచరమ్మను అలాగే అక్కా అన్నట్టు పిలుస్తారు. అక్షరాలు ఆ పిల్లకు ఒకచోట నిలిచేవి కావు. బురుల్ వెతికి వెతికి ఒక ఉచిత యాప్ పట్టుకుంది. ఫోను పేజీ మీద పట్టుకుంటే చాలు, ఒక ఆడగొంతు కిర్గిజ్‌లో చదివిపెడుతుంది, చదువుతున్న మాట తెర మీద పచ్చగా వెలుగుతుంది. తలాయ్ పారేసిన పగుళ్ళ ఫోనులో దాన్ని ఎక్కించి ఇచ్చింది. మొదటిరోజు కుందుజ్ ఒక కథ మొత్తం విని, "ఎజె, ఆ గుర్రం అమ్మేసిన ఇంటికే ఎందుకు తిరిగొచ్చింది?" అని అడిగింది. గడగడా చదివే పిల్లలెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నడి చలికాలానికల్లా, చిన్నచిన్న మాటలను ఆ గొంతు కంటే ముందే అందుకోసాగింది.

తలాయ్ ఆ ఫోను లాక్కున్నాడు.

"ఫోను చదివితే పిల్ల చదివినట్టా? అది దొంగ చదువు. దీన్ని పట్నంలో బుద్ధి తక్కువ పిల్లల బడికి పంపడమే మంచిది."

ఆమె ఏదో చెప్పబోయింది. "నీ మంచితనం ఇంట్లో పెట్టుకో, బడికి పనికిరాదు," అన్నాడు. ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. గిన్నెల బీరువా నిండిపోయి ఉంది.

కుందుజ్ సంగతి తేల్చడానికి జిల్లా నుంచి బళ్ళ ఇన్‌స్పెక్టర్ జెకెన్ వచ్చాడు. బడిలో బొగ్గు అయిపోయి గదులు గడ్డకట్టడంతో సమావేశం తలాయ్ ఇంటికి మారింది. మాట్లాడేవాళ్ళు గుమ్మానికి దూరంగా, పెద్దలు కూర్చునే చోట పరుపుల మీద కూర్చున్నారు. ఆ పిల్లకు పాఠం చెప్పిన మనిషి గుమ్మం దగ్గర, నీళ్ళు కాగుతున్న సమోవార్ పక్కన కూర్చుని టీ పోస్తోంది. అత్తగారి కళ్ళు పియాలాలనే పిడిలేని టీ గిన్నెల మీదే ఉన్నాయి. కొత్త కోడలుగా వచ్చినరోజే ఆవిడ నేర్పిన పాఠం అది: అడుగున కొంచెమే పొయ్యాలి, మళ్ళీ మళ్ళీ పొయ్యాలి. నిండా పోస్తే తాగి లేచిపొమ్మన్నట్టు.

"ఇంతకీ క్లాసు టీచరు నివేదికలో ఏం రాసింది? చదువు తలాయ్," అన్నాడు జెకెన్.

తలాయ్ కాగితం తీసుకున్నాడు. తల తిప్పకుండానే దాన్ని గుమ్మం వైపు చాచాడు.

"నువ్వు చదువు, నేను వింటా."

ఆమె ఆ కాగితాన్ని కాసేపు చూసింది. రాసింది ఆమె. చదవాల్సింది ఆమె. విని తీర్పు చెప్పేది ఆయన. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఖర్చు లేకుండా నడుస్తున్న యంత్రం ఒకటుందనీ, దాన్ని ఎవరూ దొంగ చదువు అనలేదనీ ఆమెకు అప్పుడే తట్టింది. కోపం రాలేదు. బట్టల మీది పిండి దులుపుకున్నంత తేలిగ్గా ఉంది. కాగితం అందుకోలేదు. మొగుడి పియాలా అందుకుని, అంచు దాకా నింపి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

అందరి చూపూ ఆ నిండు పియాలా మీద పడింది.

"ఏమే కోడలా, చెయ్యి జారిందా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా. జారలేదు." తర్వాత మొగుడితో, "వినడం చదవడం కాదన్నారు కదా. మీరే చదవండి," అంది.

తలాయ్ కాగితం దూరంగా పట్టుకున్నాడు. దగ్గరగా పట్టుకున్నాడు. కిటికీ వైపు తిప్పాడు.

"కళ్ళద్దాలు మర్చిపోయావా?" అన్నాడు జెకెన్.

"వాడికి అద్దాలెందుకు బాబూ, ఒక్కసారి వింటే చాలు..." అలవాటుగా అందుకున్న అత్తగారు, తన మాట తనకే వినపడి ఆగిపోయింది.

తలాయ్ కోటు జేబులోంచి పగుళ్ళ ఫోను తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని ఎక్కడ నొక్కాలి?"

"కుందుజ్‌ని అడగండి. బాగా నేర్పుతుంది."

జెకెన్ దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. నిండిన పియాలా ఒలక్కుండా ఎత్తడం ఎవరి వల్లా కాదు. తలాయ్ దాని మీదికి తల వంచి ఒక గుక్క తాగాడు. తల ఎత్తాక చూపు తల్లి వైపు పోలేదు, ఇన్‌స్పెక్టర్ వైపూ పోలేదు. గుమ్మం వైపు చూశాడు.

"ఆ పిల్ల ఇక్కడే చదువుతుంది, జెకెన్ అన్నా. ఇన్నేళ్ళూ నా కాగితాలు నేను చదవలేదు, బురుల్ చదివింది. తప్పు నాది."