మలుపులో పట్టా

మధ్యాహ్నం రెండింటికి రైలు పట్టా మీద పెట్టిన థర్మామీటరు అరవై మూడు చూపించింది. అంత వేడికి పట్టాలు వంగొచ్చని అక్కకు తెలుసు. పట్టాలు బాగుచేసే గ్యాంగులో అందరికంటే పెద్దది కావడంతో రైల్వేలో అంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఎండ ముదిరాక పట్టాల వెంట నడిచి చూడటం ఆమె పని.

వంతెన దాటాక మలుపులో ఆగిపోయింది. కుడి పట్టా కాస్త పక్కకు జరిగినట్టుంది. వడగాలికి పట్టాలన్నీ నీళ్లలో ఉన్నట్టు కదులుతున్నాయి. నిజంగా వంగిందా, కళ్లు మోసం చేస్తున్నాయా? పోయిన వారం ఇలాగే అనుమానపడి బండి ఆపితే ఏమీ లేదని తేలింది. ఇంజనీరు అందరి ముందూ గడ్డి పెట్టాడు.

ఇంకో పది నిమిషాల్లో వచ్చే బండిలో ఆమె చెల్లెలుంది. ఎనిమిదో నెల. పెద్దాసుపత్రి దగ్గరని అక్క ఇంటికి వస్తోంది. ఆ పెట్టెలు ఎండలో ఆగాయంటే లోపల కాలిన పెనమే.

ఫోను చేస్తే, బండి అప్పుడే స్టేషను దాటిందని, నెమ్మదిగా పోనిస్తే సరిపోదా అని స్టేషన్ మాస్టారు అడిగాడు.

"సరిపోతుందో లేదో నాకు తెలీదు సార్. అందుకే ఆపమంటున్నా."

ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురుగా పరిగెత్తింది. బూట్లలోంచి కంకర సెగ తగులుతోంది. డ్రైవరు దూరం నుంచే చూసి బ్రేకు వేశాడు. బండి కీచుమంటూ మలుపుకు ఇవతలే ఆగింది.

ఇంజనీరు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ప్రయాణికుల తిట్లు వింటూనే ఆమె పెట్టె పెట్టెలోనూ వెతికింది. చెల్లెలు కిటికీ పక్కన తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చుంది. అక్క తన నీళ్ల సీసా అందించింది.

"నేనున్నానని తెలిసే ఈ ఎండలో ఆపావా?"

"తెలిసే ఆపాను."

చెల్లెలు మొహం తిప్పుకుంది.

ఇంజనీరు దారం పట్టి కొలిచాడు. పట్టా మూడు వేళ్ల మేర వంగింది. అతను వెంటనే బండిని వెనక్కి, స్టేషనుకు పంపమని ఫోనులో చెప్పాడు. అక్క ఎర్రజెండా చుట్టి కట్ట మీద కూర్చుంది.

గంటకల్లా కబురొచ్చింది. స్టేషన్లో దిగగానే చెల్లెలికి నొప్పులు మొదలైతే అక్కడి ఆసుపత్రిలో చేర్చారట. అక్క యూనిఫాం కూడా మార్చుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తింది. ఒంట్లో నీరు తగ్గి వచ్చిన నొప్పులేనని, సెలైను ఎక్కించాక సర్దుకున్నాయని, బిడ్డకేమీ కాలేదని నర్సు చెప్పింది.

చెల్లెలు మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

"కూర్చో అక్కా. నీ వాలకం చూస్తే డాక్టరు నిన్నే ముందు పడుకోబెట్టేట్టున్నాడు."