టీచరమ్మకు మిగిలిన మాట

దర్జీ భార్య ఇంగ్లీషు టీచరు. ఈ సంగతి మీద ఆ వీధిలో పుట్టని హాస్యం లేదు. ఆయన చొక్కాలకు కాజాలు తీస్తాడు, ఆవిడ పిల్లలకు గ్రామరు కుడుతుంది అనేవారు. వీధంతా ఆమెను టీచరమ్మ అంటే ఆయన కూడా అలాగే పిలిచేవాడు. మొదట వేళాకోళానికి, తర్వాత అలవాటుగా. పెళ్లయిన కొత్తలో ఆమె ఆయనకు ఇంగ్లీషు నేర్పబోయింది. మూడు రోజులు బుద్ధిగా కూర్చున్నాడు. నాలుగో రోజు మిషను చప్పుడులో ఏమీ వినపడటం లేదని తప్పించుకున్నాడు. ఆమె నవ్వి వదిలేసింది. పిల్లలు కలగలేదు. ముప్పై ఏళ్లు ఒకరికొకరు అన్నట్టే గడిచాయి.

వేసవి ముందు ఒక పొద్దున ఎనిమిదో తరగతి బోర్డు మీద సగం వాక్యం రాసి, ఆమె అక్కడే కూలిపోయింది. ఆసుపత్రి నుంచి పద్దెనిమిది రోజులకు ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఉన్నాయి. మాట కూడా పోయింది. పూర్తిగా పోలేదు, ఒక్కటి మిగిలింది.

"గెట్."

దాహమేసినా గెట్, పాలు వద్దన్నా గెట్, చెల్లెలు కనబడితే కళ్లనిండా నీళ్లతో గెట్. రెండు భాషల్లో గలగలా మాట్లాడిన నోటికి తెలుగు ఒక్క ముక్క రాలేదు. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలితే కొందరికి ఇలా ఏదో ఒక మాట మిగిలిపోతుందని, మనం చెప్పేది ఆమెకు చాలావరకు తెలుస్తుందని, కానీ ఆమె అనే మాటకు అర్థం వెతుకుతూ కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు.

దర్జీకి ఇది మింగుడు పడలేదు. పాతికేళ్లు పిల్లలకు అర్థాలు చెప్పిన మనిషి అర్థం లేని మాట అంటుందా? షాపు మూసేసి మిషనును ముందుగదిలో ఆమె మంచం పక్కకు తెచ్చుకున్నాడు. తపాలా ఆఫీసులో పనిచేసే మరదలిని పిలిచి, అక్క పాఠాల పుస్తకాలన్నీ ముందు పోసి, ఈ గెట్టు సంగతేంటో చూసి చెప్పమన్నాడు.

ఆ ఒక్క మాట ఆమె నోట్సులో నాలుగు పేజీలు మింగేసింది. పైన టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసుకుంది: "ఇంగ్లీషు భాషకి ఇది పెద్దకోడలు. ఇంటెడు చాకిరీ దీని నెత్తినే." కింద అర్థాలు. తేవడం, దొరకడం, చేరుకోవడం, అర్థం కావడం. నిద్రలేవడానికి ఇదే, జ్వరం తగ్గడానికి ఇదే, కోపం రావడానికీ ఇదే. పక్కన చిన్న మాట ఒకటి చేరిస్తే బస్సు ఎక్కడం, ఆ చిన్న మాట మారిస్తే బస్సు దిగడం.

"ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మాటా? చొక్కాకీ లాగుకీ ఒకే కొలత తీసినట్టుందే" అన్నాడు దర్జీ.

మంచం మీద టీచరమ్మ నవ్వింది. మొహంలో ఎడమ సగం మాత్రమే నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. దాంతో ఆయనకు పంతం పట్టుకుంది.

బట్ట కత్తిరించే ముందు కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద ఆ అర్థాలన్నీ మరదలి చేత పెద్ద అక్షరాలతో రాయించి గోడకు కొట్టాడు. ఇరవై మూడు తేలాయి. ఆమె గెట్ అనగానే మిషను ఆపి, కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివేవాడు. తెమ్మంటావా? లేపమంటావా? అర్థం కాలేదంటావా? సరైన చోటికి వేలు రాగానే ఆమె కళ్లు మూసి తెరిచేది. వానలు మొదలయ్యేసరికి సగం సార్లు కాగితం చూడకుండానే పసిగట్టేవాడు. పొట్టిగా తుంచేస్తే నీళ్లు, చివర సాగదీస్తే పక్కకి తిప్పాలి. ఇంటికి వచ్చిన వాళ్లతో, నాకూ ఇంగ్లీషు వచ్చేసిందండీ, వచ్చింది ఒక్క మాటే గాని ఇరవై మూడు రకాలుగా వచ్చు అని గొప్పలు పోయేవాడు.

అప్పుడు స్కూలు యూనిఫారాల పని వచ్చింది. అరవై జతలు, మూడు రోజుల్లో ఇచ్చెయ్యాలి. రెండు రోజులుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు. మధ్యాహ్నం వీపు ఆమె వైపు పెట్టి మిషను తొక్కుతుంటే, వెనక నుంచి గెట్ అంది.

లేచి నీళ్లిచ్చాడు, తాగలేదు. పక్కకి తిప్పాడు, దిండు సర్దాడు, కిటికీ తీశాడు, మళ్లీ మూశాడు. కళ్లజోడు తెచ్చాడు. కాగితం మీద ఇరవై మూడూ చదివాడు, రెండోసారి చదివాడు. ఒక్కదానికీ ఆమె కళ్లు మూయలేదు. వెళ్లి కూర్చుని దారం ఎక్కించుకోగానే మళ్లీ గెట్. దగ్గరికొస్తే ఎడం చేత్తో ఆయన చొక్కా అంచు పట్టుకుని, గెట్, గెట్.

"ఏం గెట్టే? నీకేం కావాలో నాకెలా తెలుస్తుంది? ఇంక ఆ మాట అనకు, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

ఆమె చొక్కా అంచు వదిలేసింది.

ఆ మాట మళ్లీ అనలేదు. ఆ సాయంత్రం అలిగిందనుకున్నాడు. మర్నాడు బతిమాలాడు. మూడోరోజు మంచం దగ్గర నేల మీద కూర్చుని, ఒక్కసారి అను టీచరమ్మా, తప్పయింది అని ఏడ్చాడు. నీళ్లిస్తే తాగేది, తినిపిస్తే తినేది. ఆయన మొహంలోకి చూసేది. అంతే.

ఆదివారం మరదలు వచ్చింది. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆమె దువ్వెన తీసుకుని అక్క జుట్టు దువ్వసాగింది.

"బావా, అక్క మిమ్మల్ని ఏమని పిలిచేది?"

"ఏమని పిలుస్తుంది? ఏమండీ అని."

"ఏమండీ అంటే అర్థమేంటి?"

ఆ మాటకి అర్థమేముంటుంది? అవతల మనిషి ఉన్నాడా లేడా అని చూసుకోవడానికి అంటారు. ఆఁ అంటే చాలు, చాలాసార్లు ఆ తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు.

"మీరు కాగితంలో వెతికారు. ఆ రోజు ఊరికే పిలిచిందేమో. నాకూ తెలీదు బావా, అనిపించింది చెప్పాను."

ఆయన మిషనును ఆమెకు ఎదురుగా తిప్పుకున్నాడు. పిలవకపోయినా, గంటకోసారి తలెత్తి, ఆఁ, ఇక్కడే ఉన్నా అనేవాడు. ఒకసారి ఆమె పెదవులు విడిపడ్డాయి. ఆయన మిషను ఆపాడు. గొంతులోంచి గాలి వచ్చింది గాని మాట రాలేదు. డాక్టరు వచ్చి చూసి, ఆ మధ్యే లోపల ఇంకో చిన్న దెబ్బ తగిలి ఉండొచ్చని, అదే ఆ మాటను తీసుకుపోయి ఉంటుందని, మీరు కసిరినందుకు కాదని అన్నాడు. మంచి మనిషి కాబట్టి అలా అంటున్నాడనుకున్నాడు దర్జీ.

నెలన్నర తర్వాత, ఒక బుధవారం ఆయన పిల్లలకు వదులైన యూనిఫారాలు సరిచేసి స్కూల్లో ఇవ్వడానికి వెళ్లినప్పుడు టీచరమ్మ పోయింది. పక్కన మరదలు ఒక్కతే ఉంది. ఆయన గుమ్మంలోకి రాగానే మరదలి మొహం చూసి తెలుసుకున్నాడు.

"ఏమన్నా అందా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలని మరదలికి అంతగా ఎప్పుడూ అనిపించలేదు. అక్క మొహం వైపు చూసింది. చెప్పలేకపోయింది.

"లేదు బావా. గుమ్మం వైపు చూసింది, అంతే."

దర్జీ తల ఊపాడు. చెప్పులు విప్పడం మర్చిపోయి మంచం పట్టె మీద కూర్చున్నాడు. మరదలు పక్కగదిలోకి వెళ్లి, కబురు చెయ్యాల్సిన వాళ్లకు ఒక్కొక్కరికే ఫోను చెయ్యడం మొదలుపెట్టింది.