మైకు మీటకు పెట్టిన క్లిప్పు

నేను బస్టాండులో మైకు మనిషిని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పర్సు దొరికిందో చెప్పేది నేనే. నా పేరు ఎవరికీ తెలియదు గానీ గొంతు ఊరందరికీ తెలుసు. కూరగాయల కొట్లో బేరమాడినా "మైకమ్మ వచ్చిందిరోయ్" అంటారు. అలాంటి గొంతు కొన్నాళ్లుగా బొంగురుపోయి, సాగి సాగి, ఎవరిదో అయి కూర్చుంది.

"నెలాఖరుదాకా చూస్తానమ్మా," అన్నారు మేనేజరుగారు. "అప్పటికీ ఇలాగే ఉంటే రికార్డు చేసిన గొంతు పంపిస్తామంటున్నారు పైవాళ్లు. తర్వాత నేనేం చెయ్యలేను."

అప్పట్నుంచి నాకు నిలకడ లేదు. మనసు కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది, ఒళ్లు మాత్రం కుర్చీలోంచి లేవనంటోంది. ఎండాకాలంలో చలి, తిన్నా తినకపోయినా లావు. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది. ఏదో జరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. చెబితే వినేవాళ్లు లేరు, అదీ నా మంట.

నాకు పెళ్లికి ముందునుంచే థైరాయిడ్ తక్కువ. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకుంటాను. ఈ అవస్థ మొదలయ్యాక మా ఆయన్ని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. రిపోర్టు వచ్చాక చూసి, "నీకు మందు ఎక్కువైపోయింది," అని మోతాదు తగ్గించింది.

"ఎక్కువైతే ఏమవుతుందండీ?" అన్నాను.

"గుండె దడ, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం."

"నేను లావవుతున్నాను కదండీ. ఎప్పుడూ నిద్రే కదండీ."

బయట బెంచీల మీద జనం కిటకిటలాడుతున్నారు. ఆవిడ కళ్లు రిపోర్టు మీదే ఉన్నాయి. "వయసు కూడా వస్తోంది కదమ్మా," అంది. "ఇంకేమన్నా మందులు వాడుతున్నావా?"

"లేదండీ," అన్నాను.

నా అవస్థ ఇంకా ముదిరింది. మళ్లీ వెళ్లాం. రిపోర్టులో మళ్లీ అదే, ఎక్కువ. ఆవిడ ఇంకా తగ్గించింది.

ఆ కాగితం మా ఇంట్లో నా మీద సాక్ష్యమైంది. మా ఆయన ఇదే బస్టాండు నుంచి బస్సు నడిపే డ్రైవరు. చెడ్డమనిషి కాడు, కానీ అచ్చులో ఉన్నదాన్ని నమ్మే రకం. "ఎక్కువున్నవాళ్లు పరుగులు పెడతారట," అన్నాడు ఒకసారి, గిన్నెలు సింకులో అలాగే ఉండటం చూసి. "నువ్వేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావు. రిపోర్టుకేమన్నా పగా నీ మీద?" ఒళ్లు మండింది. తిరిగి అరుద్దామంటే గొంతు లేవలేదు.

ఒక మధ్యాహ్నం ఏటి అవతల రోడ్డు పాడై అటునుంచి వచ్చే బస్సులన్నీ ఆలస్యం. ఊపిరి సలపకుండా చెప్పాల్సి వచ్చింది. నా మైకుకి ఒక మీట ఉంటుంది, నొక్కి పట్టుకున్నంతసేపే మాట బయటికి పోతుంది. స్పీకర్లన్నీ ప్లాట్‌ఫారాల దగ్గరే, నా అద్దాల గదిలోకి నా మాట తిరిగి వినపడదు. ఈ మధ్య బొటనవేలు తిమ్మిరెక్కుతోందని తలలోంచి క్లిప్పు తీసి దానికి పెట్టేస్తున్నాను, చెప్పడం అయ్యాక తీసేస్తున్నాను. చెప్పడం అయ్యేసరికి తలుపు తట్టిన చప్పుడు. చూస్తే డాక్టరమ్మ, చేతిలో సంచి.

"మా అమ్మాయి దగ్గరికి వెళ్దామని వచ్చాను, బస్సు రాలేదు," అంది. "అప్పట్నుంచీ నీ గొంతే వింటున్నాను. క్లినిక్‌లో నువ్వు రెండు ముక్కలు మాట్లాడి ఊరుకున్నావు. హార్మోను ఎక్కువున్న మనిషి గొంతు ఇలా ఉండదు. చెయ్యి ఇలా ఇవ్వు."

నాడి పట్టుకుని గడియారం చూసింది. మొహం మారింది. కళ్ల కింద వాపు నొక్కి చూసింది, మోచేతి చర్మం రాసి చూసింది. "కుర్చీ మీద మోకాళ్లు ఆనించి అటు తిరుగు. పాదాలు వేలాడనీ," అంటూ సంచిలోంచి చిన్న రబ్బరు సుత్తి తీసింది.

మడమ పైన టక్కున కొట్టింది. పాదం చటుక్కున కదిలింది. వెనక్కి రావడానికి మాత్రం పొద్దున్నే నేను మంచం దిగినంత బద్ధకంగా వచ్చింది. రెండో కాలూ అంతే.

"నీకు ఎక్కువ లేదు," అంది. "బాగా తక్కువుంది. నేను ఇంకా తగ్గించాను."

"మరి రిపోర్టు?"

"రిపోర్టుని తప్పుదారి పట్టించేది ఏదో నీ ఒంట్లోకి పోతోంది. నిజం చెప్పు, ఏం మింగుతున్నావు?"

నా చెయ్యి ముడి మీదికి పోయింది. ఆవిడ కదల్లేదు. చివరికి చెప్పేశాను. "జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లు ఊడిపోతోందండీ. మెడికల్ షాపులో జుట్టు మాత్రలు ఇచ్చారు. ఊడేకొద్దీ పెంచుకుంటూ పోయాను. మీరు అడిగిన రోజు మా ఆయన పక్కనే ఉన్నాడు. ఈ ముడిలో సగం సవరమే. ఆయనకి తెలీదు."

బ్యాగులోంచి మాత్రల సీసా తీసి ఇచ్చాను. ఆవిడ చదివి కుర్చీలో కూలబడింది. "బయోటిన్ విటమిను. అదీ ఇంత మోతాదు. రక్తం పరీక్ష చేసే మిషను కూడా ఇలాంటిదాన్నే వాడి లెక్క కడుతుంది. నీ రక్తంలో ఇది నిండిపోతే లెక్క తలకిందులవుతుంది. తక్కువున్నదాన్ని ఎక్కువని చూపిస్తుంది."

"అంటే జుట్టు ఊడిందని ఇవి వేసుకుంటే, వీటివల్ల మందు తగ్గి, ఇంకా ఊడిందా?"

"అంతే. వారం రోజులు ఇవి ఆపి మళ్లీ రక్తం ఇవ్వు. అది చూసి మందు పెంచుతాను. గొంతు వస్తుంది, కాస్త టైం పడుతుంది. నువ్వు బద్ధకించలేదమ్మా, నీకు ఒంట్లో బాలేదు. నువ్వు చెబుతూనే ఉన్నావు. నేను కాగితం చూసి నిన్ను చూడలేదు. తప్పు నాది."

ఏడుపు వచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఆగాను. బయట ఏదో తేడాగా ఉంది. ఎప్పుడూ హోరెత్తిపోయే బస్టాండులో చప్పుడు లేదు. అద్దం అవతల మేనేజరుగారు రెండు చేతులూ ఊపుతున్నారు, నా మైకు వైపు వేలు చూపిస్తున్నారు. చూశాను. క్లిప్పు మీట మీదే ఉంది.

తల కొట్టేసినట్టయింది. క్లిప్పు పీకేశాను. సవరం సంగతి అన్ని ప్లాట్‌ఫారాలకూ చేరిపోయింది.

మేనేజరుగారు లోపలికి వచ్చి నా వైపు చూడకుండా డాక్టరమ్మనే అడిగారు. "గొంతు వస్తుందన్నారు, ఖాయమేనా?"

"ఖాయమే."

"అయితే రికార్డు గొంతు ఇప్పట్లో వద్దని రాస్తాను," అని గొంతు సవరించుకుని వెళ్లిపోయారు. గుండె మీంచి బండ దిగినట్టయింది. కానీ ఇంకొకటి దిగలేదు.

అది కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. మా ఆయన, యూనిఫాంలో. కొండ మీదుగా వెళ్లే బస్సు ఆయనదే, మూడో ప్లాట్‌ఫారంలో జనంతో నిండి ఉంది. టికెట్లిచ్చేంత కంత ఉంటుంది ఆ అద్దానికి. అందులోంచి మెల్లిగా అన్నాడు, "సవరం సంగతి నాకు ఎప్పుడో తెలుసు. బాధపడతావని అడగలేదు."

"ఇది తెలిసింది," అన్నాను. "మరి ఒంట్లో బాలేదని నేను మొత్తుకుంటే?"

ఆయన తల దించుకున్నాడు. "బస్సుకి టైమైంది," అన్నాడు.

ఊరంతటికీ వినపడే గొంతు నాది. ఒక్క ఇంట్లో మాత్రం వినపడలేదు. ఉక్రోషం పైకి తన్నుకొచ్చింది. ఈసారి క్లిప్పు పెట్టలేదు. తిమ్మిరెక్కిన బొటనవేలితోనే మీట నొక్కాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అన్నాను, నా బొంగురు గొంతుతోనే. "మూడవ ప్లాట్‌ఫారంపై గల బస్సు కొద్ది ఆలస్యముగా బయలుదేరును. డ్రైవరు తన భార్యకు ఒక జవాబు ఇవ్వవలసి ఉన్నది."

డాక్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఆయన అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. టోపీ తీసి, కంత దగ్గరికి వంగాడు.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు. "నేనే నమ్మలేదు."

ఆ మాట పూర్తిగా అయ్యేదాకా మీట మీంచి వేలు తీయలేదు.