రిజిస్టరులో నలభై ఏడు

పల్లంరాజుగారు ఫోనులో కోప్పడి ఉంటే వీరవేణికి ఆ రోజు అన్నం సహించేది. ఆయన కోప్పడలేదు. "అమ్మా, పుస్తకానికి చెమట పట్టింది. రేపు పదకొండింటికి తీసుకొస్తాను," అని పెట్టేశారు.

ఆ వెనకే ఫొటో వచ్చింది. గట్టి ప్లాస్టిక్ కేసులో 'రెక్కల పడవ' బొమ్మల పుస్తకం, మొదటి సంచిక, పంతొమ్మిది వందల డెబ్భై మూడు నాటిది. ప్లాస్టిక్‌కి లోపలివైపున సన్నటి నీటి చుక్కలు. పుస్తకం వెన్ను మీది పై పిన్ను పక్కన ఆవగింజంత తుప్పు మరక. పైన చీటీ మీద పదికి తొమ్మిది అని గ్రేడు, ఆగస్టు ఏడో తేదీ, సీలు వేసినవారి సంతకం. ఆ సంతకం వీరవేణిది.

రాజమండ్రి దానవాయిపేటలో ఓ రక్తపరీక్షల సెంటరు పై అంతస్తులో ఉంటుంది 'పదిలం' అనే ఈ గ్రేడింగ్ కంపెనీ. పొరపాటున మెట్లెక్కి వచ్చి శాంపిల్ సీసా బల్ల మీద పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక్కడ చేసే పరీక్ష ఏంటో చెబితే వాళ్ళు ఇంకా విచిత్రంగా చూసేవారు. పాత బొమ్మల పుస్తకాలకి మార్కులా అని. అవును మరి. బజ్జీల పొట్లాలకి పోయినవి పోగా, చెదలు తిన్నవి పోగా మన ఇళ్ళల్లో మిగిలినవి బహు కొద్ది. వాటికోసం తుని నుంచి తెనాలి దాకా పాత కాగితాల కొట్లన్నీ గాలించే పిచ్చివాళ్ళున్నారు. అమ్మేవాడు కొత్తదానిలా ఉందంటాడు, కొనేవాడు చిరుగుందంటాడు. ఇద్దరూ నమ్మే మూడో మనిషి ఒకరు కావాలి. పదిలం చేసేది ఆ పని.

ఇద్దరు గ్రేడర్లు, పుస్తకం ఎవరిదో తెలియకుండా, ఒకరి అంకె ఒకరికి చూపించకుండా మార్కులు వేస్తారు. క్వాలిటీ కంట్రోల్ చూసే వేణి ఆ రెండూ సరిచూసి, తను మళ్ళీ పేజీ పేజీ తిప్పి, గ్రేడు ఖాయం చేసి, పుస్తకాన్ని కేసులో పెట్టి సీలు వేస్తుంది. ఒకసారి సీలు పడ్డాక తీయడానికి లేదు. తీస్తే ఆ గ్రేడు చెల్లదు. లోపలి సంగతి ఎవరైనా ఆ చీటీని బట్టే నమ్మాలి.

సీలు వేసే గదిలో గాలిలో తేమ యాభై శాతం దాటకూడదన్నది రూలు. తడిగాలి లోపల చిక్కుకుపోతే ఆ కేసు పుస్తకాన్ని కాపాడదు సరికదా, మెల్లగా పాడుచేస్తుంది. అందుకే ఆ గదిలో తేమ లాగే మిషను, గోడకి మీటరు, మీటరు పక్కన మేకుకి వేలాడే రిజిస్టరు ఉన్నాయి. రోజూ పొద్దున్నే మీటరు చూసి అంకె రాయాల్సింది వేణి.

రిజిస్టరు తీసి ఆగస్టు పేజీ తిప్పింది. నలభై ఏడు, నలభై ఏడు, నలభై ఎనిమిది, నలభై ఏడు. అంతా ఒకే ఇంకు, ఒకే వాలు. అవి ఎప్పుడు, ఎలా రాసిందో గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం, బ్యాగు భుజాన వేసుకుని, బస్సుకి టైమవుతోందని నిలబడే ఆరు రోజులవీ ఒకేసారి నింపేసింది. అన్నీ ఒకటే అంకె వేస్తే బాగుండదని మధ్యలో ఓ నలభై ఎనిమిది పారేసింది. మీటరు ఎప్పుడూ నలభై ఏడే చూపిస్తుంటే రోజూ చూడాల్సిన అవసరం ఏముందనుకుంది. ఆ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారని సర్దిచెప్పుకోబోయింది. కానీ ఆ స్థానంలో ఒక మనిషిని పెట్టింది చూడ్డానికే కదా.

మిషను లాగిన నీళ్ళు అడుగునున్న తొట్టెలో పడతాయి. తొట్టె నిండితే మిషను దానంతటదే ఆగిపోతుంది. ఆ తొట్టె పారబోసేది ఆఫీసు ఊడ్చి తుడిచే తబిత. ఆగస్టులో వరదకి ఆమె ఉండే గోదారి లంక మునిగితే మూడు వారాలు పిల్లలతో గట్టు మీది స్కూల్లో తలదాచుకుంది. ఆ మూడు వారాలూ తొట్టె ఎవరు పారబోశారని వేణి ఆమెనే అడిగింది.

"మీరు పోసేస్తున్నారనుకున్నానండి," అంది తబిత. "నేనొచ్చేసరికి నిండుగా ఉందండి. పైన ఎర్రలైటు వెలుగుతా ఉంది. పారబోసి తుడిచేశాను. ఏమైనా అయ్యిందాండి?"

ఏమీ కాలేదంది వేణి. అన్నాక తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఆ మూడు వారాల్లో సీలు పడిన పుస్తకాలెన్నో కంప్యూటర్లో చూసింది. నూట నలభై. నూట నలభై చీటీల మీదా తన సంతకమే. అక్కణ్ణించి ఇక కాలుగాలిన పిల్లే. కూర్చోలేదు, నిలబడలేదు. పది నిమిషాలకోసారి వెళ్ళి మీటరు చూసొస్తోంది. నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఏడు. ఆగస్టులో రోజుకోసారి చూసినా సరిపోయేది.

కంపెనీ యజమాని ఉదయ్‌కుమార్‌కి మొత్తం చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు. జెరాక్స్ షాపు నడుపుతూ, పాత పుస్తకాల మీద పిచ్చితో ఈ కంపెనీ పెట్టాడు. కానీ భయస్తుడు. కాసేపు తల పట్టుకుని, తర్వాత దారి కనిపెట్టాడు. రాజుగారి పుస్తకాన్ని కొత్త కేసులోకి మార్చి ఇచ్చేద్దాం, ప్లాస్టిక్‌లో లోపమని చెబుదాం అన్నాడు. చెమట కనబడేది ఏసీ గదిలో పెట్టుకున్న వాళ్ళకేనట. మిగతావాళ్ళంతా బీరువాల్లో దాచుకుంటారు కాబట్టి వాళ్ళకి తెలిసే అవకాశమే లేదట. మరి లోపల పిన్నులు తుప్పు పడతాయి కదండీ అంటే, అది ఎప్పటి మాటో అన్నాడు. నువ్వు ఇంటికెళ్ళి నిద్రపో వేణీ అని కూడా అన్నాడు. ఆ సలహా పాటించడమే అన్నిటికంటే కష్టమైంది.

వేణి తల్లి నూకరత్నం కాకినాడలో ఇప్పటికీ చేపలమ్ముతుంది. గంప దించిందంటే, ఎవరూ అడక్కుండానే మొప్ప ఎత్తి చూపిస్తుంది. ఎర్రగా ఉంటే ఉన్నట్టు, పాలిపోతే పాలిపోయినట్టు. పాలిపోయినదాన్ని కూడా అదే చేత్తో ఎత్తి చూపించి, ఇది పులుసుకి పనికిరాదమ్మా అని పక్కన పెడుతుంది. ఆ వాసన తనకి వద్దనే వేణి డిగ్రీ చదివి ఏసీ గదిలో ఉద్యోగం తెచ్చుకుంది. తెల్లటి గ్లౌజులు వేసుకుని చేసే పని అని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంది కూడా. మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఎందుకో ఆ గంపే పదే పదే కళ్ళముందు కదిలింది.

అల్పపీడనంతో రాత్రినించీ వదలని వాన. పొద్దున్నే కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఆఫీసులో నాలుగు లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. పదకొండింటికి పల్లంరాజుగారు గొడుగు మడుచుకుంటూ మెట్లెక్కారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తారాయన. అరవై దాటాయి, బిగుతైన మనిషి. చిన్నప్పుడు ఆయనా వాళ్ళన్నయ్యా దాచుకున్న 'రెక్కల పడవ'ని తండ్రి పొయ్యిలో పెట్టేస్తే, మళ్ళీ అలాంటిది ఇంకొకటి దొరకడానికి ముప్ఫయ్యేళ్ళు పట్టింది. తువ్వాల్లో చుట్టి తెచ్చిన కేసుని బల్ల మీద పెట్టారు. కుర్చీ వేసినా కూర్చోలేదు, కాఫీ వద్దన్నారు.

ఉదయ్‌కుమార్ ప్లాస్టిక్ లోపం గురించి చక్కగా చెప్పుకొచ్చాడు. రాజుగారు అంతా విని, సీలు వేసే గదిలో తేమ రాసే పుస్తకం ఏదైనా ఉంటుందా అని అడిగారు. ఉదయ్‌కుమార్ నీళ్ళు నమిలాడు. వేణి తనే వెళ్ళి రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఆగస్టు పేజీలో అంకెల వెంబడి వేలు పెట్టి కిందిదాకా చదివారు. వేలు ఆగలేదు, తొందరా పడలేదు.

"గోదారి గట్టెక్కేలా వచ్చిన వారం కూడా నలభై ఏడేనా అమ్మా?" అన్నారు.

రాజుగారు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

"నా చెరువు మీద ఒకాయన్ని పెట్టాను, తెల్లారగట్ల నీళ్ళల్లో ఆక్సిజన్ చూసి రాయమని. రోజూ అయిదు. ఎప్పుడు చూసినా అయిదు. నేనూ మురిసిపోయాను. ఒకరోజు పొద్దున్నే వెళితే పంటంతా చచ్చి తేలింది. పుస్తకంలో ఆ రోజుక్కూడా అయిదే రాసుంది," అని రిజిస్టరు మూశారు. "నీళ్ళు రోజూ ఒకలా ఉండవు. గాలీ ఉండదు. అంకె ఒకలా ఉందంటే ఎవరూ చూళ్ళేదనే. ఈ రాత ఎవరిది?"

"అప్పట్లో చేసినాయన ఒకరండి. మానేశారు," అన్నాడు ఉదయ్‌కుమార్.

వేణిని కాపాడ్డానికే అన్నాడా మాట. ఆమె చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని నిలబడ్డం. ఉద్యోగం ఉంటుంది, పేరు ఉంటుంది, బీరువాల్లో నూట ముప్ఫై తొమ్మిది పుస్తకాలు చప్పుడు లేకుండా తుప్పు పడుతూ ఉంటాయి. కేసు మీది చీటీ తనవైపే తిరిగి ఉంది.

"నాదేనండి," అంది. "చూడకుండా రాశాను. మూడు వారాలు మిషను ఆగిపోయి ఉంది. మీదొక్కటే కాదండి, నూట నలభై పుస్తకాలు అలాగే సీలు వేశాను."

ఉదయ్‌కుమార్ ఆమెవైపు చూశాడు. కోపమో బాధో తెలియలేదు. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

రాజుగారు కేసుని ఆమెవైపు జరిపారు. "అయితే కొయ్యమ్మా."

వేణి కట్టరు తీసుకుని నాలుగు అంచులూ కోసింది. మూత లేవగానే వానాకాలంలో ఆరని బట్టల వాసన గుప్పుమంది. పుస్తకాన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి తెరిచింది. ఒక్కొక్క లోపం వేలితో చూపించి పైకి చెప్పింది. పై పిన్ను తుప్పు నాలుగు పేజీల లోపలికి దిగింది. కింది పిన్ను ఇప్పుడే మొదలైంది. నడిమి పేజీ అలలు తేలింది. వెనక అట్ట మీద రంగు ఒకచోట అంటుకుని లేచింది. ఆ చెప్పే తీరులో అమ్మ గొంతు తనకే వినిపించి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చెప్పింది.

"ఏడండి," అంది చివరికి.

"ఏడున్నర రాదా?"

"రాదండి."

రాజుగారు కాసేపు ఆ పుస్తకం అట్టనే చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖం చూడలేక వేణి గ్లౌజులు తీసి మళ్ళీ తొడుక్కుంది. ముప్ఫయ్యేళ్ళు వెతికి తెచ్చుకున్న పుస్తకాన్ని తను నాలుగు నెలల్లో పాడుచేసింది. క్షమించమని అడిగే మాట కూడా నోట్లోంచి రాలేదు, అది చాలా చిన్నదనిపించింది.

"సరే. ఏడు వేసి సీలు పెట్టిచ్చెయ్యి. వాన ఎక్కువైతే రావులపాలెం దగ్గర ట్రాఫిక్ ఆగిపోతుంది. నేను బయల్దేరాలి," అన్నారాయన.

వేణి కొత్త కేసు తీసుకుని సీలు వేసే గదిలోకి వెళ్ళింది. గోడ మీది మీటరు చూసింది. దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది. కేసు అక్కడే పెట్టి బయటికొచ్చింది.

"ఈ రోజు వెయ్యనండి. కరెంటు లేదు, మిషను తిరగట్లేదు. అరవై మూడు ఉంది."

డెబ్భై ఎనభై కిలోమీటర్లు వానలో వచ్చిన మనిషి. పైగా తప్పు తనది. అయినా అదే మాట మళ్ళీ అంది, ఈసారి కొంచెం మెల్లగా. రాజుగారు ఆమెవైపు అలాగే చూసి, అప్పటిదాకా ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

"కాఫీ అన్నారుగా, ఇప్పించమ్మా," అన్నారు.

తాగి లేచేటప్పుడు పుస్తకం బల్ల మీదే వదిలేశారు. వేణి రసీదు పుస్తకం తీయబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. "తగ్గాక ఫోన్ చెయ్యమ్మా. అంకె ఎంతో చెప్పు," అని ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగారు.

వేణి రిజిస్టరు తెరిచి ఆ రోజు తేదీ ఎదురుగా అరవై మూడు అని రాసింది. ఆ పుస్తకంలో యాభై దాటిన మొదటి అంకె అదే. ఉదయ్‌కుమార్ గది తలుపు ఇంకా వేసే ఉంది. రేపు తనకిక్కడ ఉద్యోగం ఉంటుందో లేదో ఆ తలుపు తెరుచుకుంటే గాని తెలీదు. అది తెరుచుకునేదాకా ఆగితే ధైర్యం చాలదనిపించి, నూట నలభై పేర్ల జాబితా ముందు పెట్టుకుని, రాజుగారి పేరు కొట్టేసి, రెండో పేరుకి ఫోను కలిపింది. కాకినాడలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు.

"నమస్కారమండి, పదిలం నుంచి వీరవేణిని. మీ పుస్తకం మీద సంతకం నాదండి. అది తప్పుగా సీలు వేశాను," అంది.

మాస్టారు అరవడం మొదలుపెట్టారు. ఆయన అరిచినంతసేపూ వేణి ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు. ఆయన పెట్టేశాక పేరు పక్కన టిక్కు పెట్టుకుంది. మూడో నంబరు కలిపే ముందు లేచి వెళ్ళి మీటరు చూసింది. అరవై నాలుగు.