నాక్సోస్ దీవిలో మా ఆయన

ఆ వ్యాసం మొదటి పేజీ చదువుతున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. సముద్రం, సూర్యుడు, ప్రాచీన నాగరికత, మధ్యలో ఒక సంస్కృత శ్లోకం. పైన ‘నాక్సోస్ దీవిలో నాలుగు రోజులు’ అని శీర్షిక, దాని కింద డాక్టర్ దక్షిణామూర్తి అని పేరు. పేజీ తిప్పాను. అక్కడ బంగాళాదుంపలు కనిపించాయి. గ్రీకు దీవి దాకా వెళ్ళి, ఆ ఊరి బంగాళాదుంపల వేపుడు మూడు పూటలూ తిని, దాని గురించి అరపేజీ రాసే మనిషి అమెరికా మొత్తం మీద ఒక్కతే ఉంది. అది నేను.

అప్పట్లో ఇక్కడ తెలుగు అచ్చు వేసే దిక్కు లేదు. మా న్యూజెర్సీ తెలుగు సంఘం ఏటా ఉగాదికి తెచ్చే సంచికని మొదటి నుంచి చివరి దాకా ఎవరో ఒకరు చేత్తో రాయాల్సిందే. ఆ కాగితాల్ని ప్రింట్‌షాప్ వాళ్ళు ఫోటో తీసి అచ్చు వేసేవాళ్ళు. మూడేళ్ళుగా కృష్ణమోహన్ అనే కుర్ర ఇంజనీరు రాసేవాడు. 1982 జనవరిలో అతను శాంటా క్లారాలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. సంఘం కార్యదర్శి రాధాకృష్ణకి ఎవరో నా చేతిరాత బాగుంటుందని చెప్పారట. రచనలన్నీ ఒక సంచిలో వేసుకొచ్చి పిస్కాటవేలో మా వంటింటి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ సంగతి సంపాదకుడికి చెప్పాలని అతనికి తోచలేదు. కృష్ణమోహనే అక్కడి నుంచి రాసి పోస్టులో పంపుతున్నాడని సంపాదకుడు అనుకున్నాడు. ఆ సంపాదకుడు దక్షిణామూర్తి. సంఘానికి అధ్యక్షుడూ అతనే. ఎదురుగా ఉంటే గారు అంటాను. ఇక్కడ అనను.

అసలు సంగతి చెప్పాలి. 1978 సెప్టెంబరులో ఇండియా వెళ్ళొస్తూ నేనూ మా ఆయన జగదీష్ ఏథెన్స్‌లో దిగాం. పెళ్ళయిన పదకొండేళ్ళలో చుట్టాలిల్లు కాని చోటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఏడు గంటలు ఓడలో కూర్చుని నాక్సోస్ చేరాం. రేవులోకి వస్తుండగానే కనిపించింది, నీళ్ళ పక్కన చిన్న గుట్ట మీద పెద్ద పాలరాతి ద్వారబంధం. గోడల్లేవు, కప్పు లేదు. రెండున్నర వేల ఏళ్ళ కిందట గుడి కట్టబోయి, ద్వారం నిలబెట్టి, ఎందుకో మానేశారట. ఆ సాయంత్రమే గుట్ట ఎక్కాం. జగదీష్ ఆ ద్వారంలోంచి అవతలికి దాటి, వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు.

“ఇల్లు కట్టడం మర్చిపోతే మర్చిపోయారు, తలుపుంది కదా. లోపలికి రా భానూ,” అన్నాడు.

నాలుగు రోజులు తిరిగాం. కొండమీది కోట చుట్టూ సున్నం కొట్టిన సందుల్లో దారి తప్పాం. రెండు గంటలు బస్సులో కొండ మలుపులు తిరిగి, అపోలోనాస్ అనే ఊళ్ళో రాతిగనిలో వెల్లకిలా పడి ఉన్న విగ్రహాన్ని చూశాం. ముప్ఫై అడుగులకి పైనే ఉంటుంది. ముక్కూ చేతులూ తీర్చకుండానే శిల్పి వదిలేసి పోయాడు. ‘సోమవారం వస్తానని చెప్పి వెళ్ళుంటాడు’ అన్నాడు జగదీష్. అతనికి తన ల్యాబ్‌లో అలాంటివాళ్ళు చాలామంది తెలుసు. ఆగియోస్ ప్రొకోపియోస్ బీచ్‌లో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే నా కాలి మెట్టెలు పైనుంచి కనిపించాయి. నేను చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని నీళ్ళలో నిలబడ్డాను. జగదీష్ నా చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. అక్కడి నుంచి ఇసకలో నడుచుకుంటూ ప్లాకా బీచ్‌కి చేరేసరికి జనం ఒంటి మీద బట్టలు లేవు. జగదీష్ గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని నడిచి ఎవరి కాలో తొక్కాడు. సారీ చెప్పాలంటే గొడుగు తియ్యాలి. తియ్యలేక గొడుగులోంచే సారీ చెప్పాడు. ఆ మాట తలుచుకుని ఓడ ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాను.

1980 ఫిబ్రవరిలో డ్రైవ్‌వేలో మంచు ఎత్తుతూ జగదీష్ కూలిపోయాడు. నలభై రెండేళ్ళు. ఆ ఏడాదంతా నేను ఉద్యోగానికి వెళ్ళాను, వచ్చాను, వండుకోలేదు. వేసవిలో ఒక స్పైరల్ నోట్‌బుక్ తీసి ఆ నాలుగు రోజులూ రాశాను. ‘నాక్సోస్ దీవిలో మా ఆయన’ అని పేరు పెట్టాను. సాఫు ప్రతి రాసి దక్షిణామూర్తికి ఇచ్చాను. ఆరు నెలలు ఉంచుకుని, చాలా పర్సనల్‌గా ఉందమ్మా, సంచికకి పనికిరాదు, నలుగురికీ పనికొచ్చేది రాయాలి అన్నాడు. కాగితాలు అడిగితే ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయాయన్నాడు. తలవంచుకుని వచ్చేశాను. బాగా రాయలేకపోయానని జగదీష్ ఫోటో ముందు సిగ్గుపడ్డాను కూడా.

ఇప్పుడు ఆ కాగితాలు అతని చేతిరాతలో నా బల్ల మీద ఉన్నాయి. నా చీర అతని ప్యాంటయింది. జగదీష్‌ని తీసేసిన చోటల్లా అతని భార్య జయంతి వచ్చింది. చెప్పులు జయంతి పట్టుకుంది. గొడుగు మాట కొట్టేసి దాని బదులు పాశ్చాత్య సంస్కృతి గురించి ఉపన్యాసం పెట్టాడు. ఆ ద్వారం దగ్గర జయంతి ఇతనికి చెయ్యి చాచి ‘లోపలికి రండి’ అంటోంది.

పేరు పోతే పోయింది, నేనేం రచయిత్రిని కాను. కానీ జగదీష్ నన్ను లోపలికి పిలిచిన మాట అది. ఆ మాట ఇంకో మనిషి నోట్లో, ఇంకో మనిషి కోసం పెట్టాడు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఫోన్ తీసి నంబరు తిప్పబోయి ఆగాను. ఫోన్ చేస్తే ఏమవుతుంది? అమ్మా పొరపాటు, అంటాడు. వ్యాసం తీసేస్తాడు. మళ్ళీ ఎవరికీ ఏమీ తెలియదు, అతను అధ్యక్షుడిగానే ఉంటాడు, నేను అలిగిన విధవరాలిగా ఉంటాను. అక్కర్లేదు. పెన్ను నా చేతిలో ఉంది. నేనేం రాస్తే అదే అచ్చవుతుంది.

మొదటి పేజీ అతను రాసింది రాసినట్టు దించాను. శీర్షిక, అతని పేరు, శ్లోకం, ఒక్క అక్షరం మార్చలేదు. ఎవరైనా పైపైన చూసినా అనుమానం రాకూడదు కదా. పేరు కొంచెం పెద్దగానే రాశాను, తీగలాంటి గీత కూడా గీశాను కింద. పేజీ మారాక స్పైరల్ నోట్‌బుక్ తెరిచి నాది రాయడం మొదలుపెట్టాను. చీర, మెట్టెలు, గొడుగు, మా ఆయన జగదీష్. అంత హాయిగా నేను ఏ పనీ చెయ్యలేదు, రెండేళ్ళలో. మూడు శనివారాలు మధ్యాహ్నం పూట కూర్చుని, ఎండ బల్ల మీంచి గోడెక్కేదాకా రాశాను. మధ్యలో లేచి బంగాళాదుంపలు వేయించుకుని తిన్నాను.

ప్రింట్‌షాప్‌కి శుక్రవారం ఒంటిగంటలోపల ఇవ్వాలి. రాధాకృష్ణకి శుక్రవారం పన్నెండున్నరకి ఇచ్చాను. అతను పేజీల నంబర్లు లెక్కచూసుకుని, చాలా థ్యాంక్సండీ అని కారెక్కాడు.

ఉగాది సభ ఒక హైస్కూల్ ఆడిటోరియంలో జరిగింది. రెండు వందల యాభై సంచికలు ఆ మధ్యాహ్నమే వచ్చాయి, గుమ్మం దగ్గర ఇంటికొకటి చొప్పున పంచారు. దక్షిణామూర్తి అధ్యక్షుడి పనుల్లో పడి తిరుగుతున్నాడు, పుస్తకం చంకలో ఉంది కానీ తెరవలేదు. పిల్లల డాన్సు తర్వాత తన వ్యాసం తనే చదివేలా కార్యక్రమం వేసుకున్నాడు. నేను మూడో వరసలో కూర్చున్నాను. నాక్సోస్‌లో కట్టుకున్న నీలం వెంకటగిరి చీరే కట్టుకుని వెళ్ళాను.

మైకు ముందు నిలబడి కళ్ళజోడు సవరించుకున్నాడు. శ్లోకం రాగం తీసి చదివాడు. సముద్రాన్ని, సూర్యుణ్ణి గొంతు వణికిస్తూ చదివాడు. చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. అతను పేజీ తిప్పి అదే ఊపులో చదివాడు.

“నేను చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని నీళ్ళలోకి దిగాను.”

హాలంతా గొల్లుమంది. అతను తలెత్తి నవ్వాడు. రాసినవాళ్ళు ఏదో ధ్యాసలో రాశారు, ప్యాంటు అని సర్దుకోండి అన్నాడు. ఇంకా నవ్వారు. అభిమానం గల మనిషి, నాలుగు వందల మంది ముందు ఆగడు. ఆగడని నాకు తెలుసు.

“మా ఆయన,” అని చదివి ఆగాడు.

తర్వాతి మాట జగదీష్. అది అతను పలకలేదు. కానీ పుస్తకం ప్రతి వరసలోనూ ఉంది. నవ్వుతూనే పేజీ తిప్పి వెతికినవాళ్ళు ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మానేశారు. ఆ హాల్లో సగం మంది జగదీష్ అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు. వెనక వరసల దాకా కాగితాల చప్పుడు వినిపించింది. అందరూ తలలు వంచుకుని చదువుతున్నారు. స్టేజి మీద అతను ఒక్కడే ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు.

ఇది కృష్ణమోహన్ రాశాడా అని మైకులోనే అడిగాడు, ఎవరినని కాకుండా. నేను లేచాను.

“నేను రాశాను డాక్టరుగారూ. పోయిందన్నారే, అదే. మిగతాది చదవండి, అందరూ వింటున్నారు.”

అతను చదవలేదు. పుస్తకం మూసి దిగిపోయాడు. నేను నిలబడే ఉన్నాను. తర్వాతి వాక్యం నాకు నోటికొచ్చు, దాని తర్వాతిదీ వచ్చు. మైకు లేకుండా మూడో వరసలోంచే చెప్పాను, విగ్రహం, గొడుగు, అన్నీ. ‘లోపలికి రా భానూ’ దాకా చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టాలో వద్దో వాళ్ళకి తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం దక్షిణామూర్తి మా ఇంటికొచ్చాడు. జయంతిగారు కూడా వచ్చారు. ఆవిడ సోఫా చివర కూర్చుని హాలు గోడ మీద జగదీష్ ఫోటో చూస్తూ ఉండిపోయారు. అతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. మందుల చీటీలా గిలికిన రాత. పదిహేడో పేజీలో రచయిత్రి పేరు శ్రీమతి భానుమతి అని చదువుకోగలరు, పొరపాటుకి చింతిస్తున్నాం. అది నేను చక్కగా రాసిస్తే, అచ్చు వేయించి సంచిక వెళ్ళిన ప్రతి ఇంటికీ పోస్టు చేయిస్తానన్నాడు.

“నీకు కావాల్సింది ఇదే కదమ్మా. పేరు నీదే వేద్దాం. ఇంతటితో వదిలేద్దాం.”

ఏడాది కిందట ఆ ఒక్క ముక్క అతని నోటి నుంచి వస్తే పొంగిపోయేదాన్ని. ఇప్పుడు కాగితం అతని వైపే తోశాను.

“వద్దు డాక్టరుగారూ, మీ పేరే ఉండనివ్వండి. ఎవరు ఎప్పుడు ఆ పుస్తకం తీసినా మీరు చీర ఎత్తి కట్టుకుని ఆ నీళ్ళలో నిలబడి కనిపించాలి. అదే నాకు కావాల్సింది.”

అతని మొహం నల్లబడింది. లేచి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. జయంతిగారు గుమ్మం దగ్గర ఆగి, మెల్లిగా, నేను ఏ బీచ్‌కీ వెళ్ళలేదు భానూ, ఇక్కడికి గంట దూరంలో ఉన్నదానికి కూడా, అన్నారు. సంచిక ఒకటి తమ ముందు గదిలో బల్ల మీద, ఆ పేజీ తెరిచి పెట్టానని చెప్పి వెళ్ళారు.

వాళ్ళ కారు వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. కడుపు నిండినట్టు అనిపించింది. కాఫీ కలుపుకుని, గెలిచిన పేజీని ఇంకోసారి చూసుకుందామని సంచిక తెరిచాను. మొదటి పేజీలో దక్షిణామూర్తి పేరు. పేజీ తిప్పితే నీళ్ళు, చీర. ఆ తర్వాత, మా ఆయన జగదీష్ నా చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు.

అప్పుడు చూశాను నేను చేసిన పని. రెండు వందల యాభై ఇళ్ళలో జగదీష్ ఆ మనిషి చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కాఫీ చల్లారిపోయింది. చాలాసేపు ఏడ్చాను. తర్వాత రాధాకృష్ణకి ఫోన్ చేసి, సవరణ చీటీ నేనే రాసిస్తాను, కానీ నేను రాసింది రాసినట్టు వెయ్యాలి, ఎవరికీ చూపించకూడదు అన్నాను. నాకు తెలియక ఆయన వ్యాసం మీ చేతికే ఇచ్చానండీ, అన్నాడు. మంచి పనే చేశావన్నాను. వేయిస్తానన్నాడు.

నల్ల సిరాతో, నా చేతనైనంత గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ వారంలోనే అందరికీ పోస్టులో వెళ్ళింది.

సవరణ: పద్దెనిమిదో పేజీలో జగదీష్ చేతిలో ఉన్న చెప్పులు ఆయన భార్య భానుమతివి. చీర మాత్రం డాక్టర్ దక్షిణామూర్తిగారిదే.